తీగ మీది తెల్ల పంచె

"తియ్యి! ముందది తియ్యి!" పక్కింటి తొంభై ఏళ్ల సిమోన్ బామ్మ పెరట్లోకొచ్చి, తీగ మీది తెల్ల పంచెను పట్టుకు లాగుతోంది.

కెనడాలోని మిస్సిసాగాలో బట్టలు బయట ఆరేస్తే ఎవరో ఒకరు కంప్లైంట్ చేస్తారని సుభాషిణికి తెలుసు. తగువుకు సిద్ధమై చున్నీ కూడా బిగించింది.

"మా ఆయన వ్రతం పంచె బామ్మగారూ! డ్రయ్యర్‌లో వేస్తే చేతిరుమాలై కూర్చుంటుంది."

ఇంతలో సిమోన్ కూతురు క్లేర్ పరుగెత్తుకొచ్చింది.

"సారీ సుభా. అమ్మకిప్పుడు ఏ కాలంలో ఉందో తెలియట్లేదు. యుద్ధంలో జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు, అమ్మ వాళ్లన్నయ్య అడవిలో దాక్కుని వాళ్లతో పోరాడేవాడు. తీగ మీద తెల్ల దుప్పటి ఉంటే ఇంట్లో సైనికులు లేరని, భోజనానికి రావచ్చని గుర్తు. ఒకరోజు దుప్పటి ఆరేశాక సైనికులొచ్చారు. తీయడానికి అమ్మమ్మను బయటికి పోనివ్వలేదు."

"మరి ఆయన?"

"వచ్చాడు. ఆకలితో ఉన్నాడుగా."

సుభాషిణి గబగబా క్లిప్పులు ఊడదీసి, తడి పంచెను ఉండచుట్టి చున్నీ కింద దాచేసింది.

బామ్మ కంచె అవతలికి తొంగిచూసింది. "చూశాడా?"

"లేదండీ. ముందే తీసేశాంగా."

"అయితే రాడు కదూ?"

"రాడు బామ్మగారూ."

సిమోన్ ముఖం విప్పారింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, కూతురి వైపు తిరిగింది.

"అన్నయ్య ఇవాళ రాడే! సూప్ తీసి ఉంచు. రేపొస్తాడు."