ఎదురొచ్చే బండికి ఒక వేలు

కారంటే ఇనుము. ఈ మాటతోనే మొదలుపెట్టాలి. ఆ తర్వాత కాసేపు ఆగాలి, వెనక వరసలో వాళ్ళు కూడా తలలెత్తేదాకా. అప్పుడు కార్ల ఫ్యాక్టరీ సంగతి. చివరి ఫ్యాక్టరీ మూతపడిన రోజునే ఈ దేశానికి చేతులు పడిపోయాయి. ఇప్పుడు మనం చవగ్గా వస్తున్నాయని కొంటున్నవి కార్లు కావు, ఓడల్లో దిగే చక్రాల ఫ్రిజ్‌లు. ఫ్రిజ్‌లంటే నవ్వుతారు. నవ్వనిచ్చి, సరిగ్గా ఆ నవ్వు మీదే ఆల్బీ పేరెత్తాలి...

టింగ్‌మంది కారు. రోడ్డు మీది గీత దాటుతున్నావంటూ తెర మీద ఎర్రదీపం వెలిగింది.

"సరిగ్గా నడుపు మహానుభావా," అంది పక్క సీట్లోంచి భార్య గ్లెనిస్. ఆమె ఒళ్ళో క్లబ్బు మీటింగు తర్వాత పంచడానికి కొబ్బరికోరు అద్దిన కేకుల పళ్ళెం ఉంది. "నీలో నువ్వు గొణుక్కునే ఉపన్యాసం వినలేక బండే అరుస్తోంది."

లిండ్సే పాస్కో టోపీని కనుబొమల మీదికి లాక్కున్నాడు. అతను నడుపుతున్నది కూడా ఓడలో దిగిన చక్రాల ఫ్రిజ్జే. గ్లెనిస్‌ది. ఈ గడ్డ మీదే తయారైన అతని ఎనిమిది సిలిండర్ల కారు గేరుబాక్సు పోయి, షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆ భాగం ఇప్పుడెవరూ తయారు చేయడం లేదు. పాతకార్ల క్లబ్బులో మాత్రం రంగు వేయిస్తున్నానని చెప్పుకున్నాడు.

ఎదురుగా గోధుమ చేల మధ్య నుంచి ఒక పికప్ బండి వచ్చింది. నడిపేవాడు స్టీరింగ్ మీంచి చూపుడువేలు పైకెత్తాడు. ఈ రోడ్డు మీద ఎదురుపడ్డ ప్రతివాడూ ప్రతివాడికీ ఎత్తే వేలే అది. లిండ్సే ఎత్తలేదు. వేలెత్తితే అటువైపు మనిషి ముఖంలోకి చూస్తాడు. గ్లెనిస్ పళ్ళెం మీంచి చెయ్యి తీసి, తనే వేలెత్తింది.

"మన కోలిన్ అతను. పలకరిస్తే నీ సొమ్మేం పోయింది?"

"కోలిన్ నోరు నీకు తెలీదా? సాయంత్రానికల్లా ఊరంతా టముకేస్తాడు."

"ఏమని? పెళ్ళాం కారు నడిపాడనా?"

"ఊరుకో గ్లెనిస్."

ఆమె ఊరుకునే మనిషి కాదు. "ఇంతకీ ఆల్బీ చేసిన తప్పేంటి? పాత కారు పాత కారులాగే మెరుస్తోంది కదా. బజారుకెళ్ళి రావడానికి చవకది ఒకటి కొనుక్కున్నాడు, అంతేగా."

"అదే తప్పు. ఆదివారం భక్తి, సోమవారం ద్రోహమూనా?"

"నువ్వు తీర్మానం పెట్టి అతన్ని క్లబ్బులోంచి తీసేయిస్తే, పాత కారుకిచ్చిన నంబరు ప్లేటు లాగేసుకుంటారటగా. ఇక అది రోడ్డెక్కదటగా."

తక్కువ రుసుముతో పాత కార్లకిచ్చే ఆ ప్లేటు క్లబ్బు సభ్యులకే. పూర్తి రుసుము కట్టే స్తోమత ఆల్బీకి లేదు. భార్య పోయాక అతనికి మిగిలిన తోడు ఆ కారొక్కటే. ఆదివారం పూట పక్కసీటు తుడిచి మరీ బయల్దేరతాడు. ఈ సంగతులు లిండ్సేకి తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియవు. అందుకే ఉపన్యాసంలో వాటికి ఎక్కడా తగలకుండా దాటుకుపోవడం కూడా అతనికే బాగా చేతనవుతోంది.

"మన పెళ్ళిలో నీ పక్కన నిలబడ్డ మనిషి," అంది గ్లెనిస్, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నడుం కింద వెచ్చగా ఉంది. పొద్దుటి నుంచీ పీకుతున్న నొప్పి ఎప్పుడు తగ్గిందో అతను గమనించనేలేదు.

"సీటు హీటరు పెట్టుకున్నావ్."

"అది... దానంతటదే."

"అవునవును. ఫ్రిజ్జుకి నీ నడుం నొప్పి తెలిసిపోయింది."

ఊరు వచ్చింది. మీటింగు హాలు ముందు ఒకే ఒక్క కారు ఆగి ఉంది: ఆల్బీ కొన్న తెల్లటి చవక బండి. దాని పక్కనే ఆల్బీ, టోపీ చేత్తో పట్టుకుని, చర్చికొచ్చిన వాడిలా నిలబడ్డాడు.

"ఎంత ధైర్యం! అందరి కళ్ళెదుటే పెట్టాడు చూడు," అన్నాడు లిండ్సే. ఇంకెవరూ రాలేదన్న ఊరట మాత్రం గొంతులో దాగలేదు. తల వంచుకుని హాలు దాటించాడు.

"అయ్యో, నన్నిక్కడ దింపు. కేకులు!"

"ఇక్కడ దిగితే చూస్తారు. ధాన్యం సైలోల వెనక పెడదాం. అటు ఎవరూ రారు. అక్కణ్ణుంచి నడిచొద్దాం."

"ఈ పళ్ళెం పట్టుకుని, ఆ ముళ్ళగడ్డిలోనా?"

"నేను పట్టుకుంటాలే."

"నువ్వా? ద్రోహుల మీద ఉపన్యాసం చెప్పే మనిషివి, చేతిలో కేకులతో వెళ్తావా?"

అతను బండి తిప్పాడు. రోడ్డుకు కనపడకుండా, ధాన్యం నిలవచేసే ఎత్తైన తెల్లటి సైలోల నీడలో ఒక ఖాళీ జాగా ఉంది. మలుపు తిరగగానే కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

జాగా ఖాళీగా లేదు. ఎర్రది, బూడిదరంగుది, నీలంది, అన్నీ చిన్నవే, అన్నీ ఓడల్లో దిగినవే, గోడ వారగా వరుసగా నిలబడి ఉన్నాయి. ప్రతిదాన్లోనూ టోపీ కిందికి లాక్కున్న మనిషి. ఎవరు ముందు దిగితే వాళ్ళను మిగతావాళ్ళు చూస్తారని, ఎవరూ దిగకుండా కూర్చున్నారు. నీలంబండిలో ఏదో వెతుక్కుంటున్నట్టు స్టీరింగ్ కిందికి దూరిన, టోపీ జారిపోయిన బట్టతల క్లబ్బు అధ్యక్షుడు డడ్లీది.

ఆ తల మెల్లగా పైకొచ్చింది. రెండు అద్దాల గుండా కళ్ళు కలిశాయి.

"సభ ఇక్కడే కూడిందన్నమాట," అంది గ్లెనిస్. "మరి ఆల్బీని ఎవరు వెలేస్తారు?"

లిండ్సే పాస్కో చూపుడువేలు, ఆ రోజుకి మొదటిసారి, స్టీరింగ్ మీంచి పైకి లేచింది.