హార్డ్ డిస్కు మింగిన అంచు

“లోపల గీతలు పడినాయంట. ఒక్క డిజైనూ రాదన్నాడు.” అనంతపురంలో రిపేరువాడికి చూపించి తెచ్చిన హార్డ్ డిస్కును బల్ల మీద పెట్టి, నరేంద్ర మగ్గం పక్కనే కూలబడ్డాడు. “చిలకల అంచు నేసేదానికి చిల్లులు కొట్టిన అట్టలు చూస్తే ఎలుకలు కొరికేసినాయి. సోమవారానికి ఆ అంచు మగ్గమెక్కకుంటే షావుకారు ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.”

“ఎట్లిస్తాడో నేనూ చూస్తా!”

పెళ్ళై నెల తిరగని అతని భార్య సువర్ణ పెట్టె తెరిచింది. ఆ అంచుతో నేసిన మొదటి చీర ఆమె పెళ్ళిచీరే. దాన్ని ఒళ్ళో పరుచుకుని సూది అందుకుంది.

“పోగులు ఊడదీస్తా. జరీ యాడ పైకొచ్చిందో, యాడ కిందికి పోయిందో చెప్తా. నువ్వు గళ్ళకాగితం మీద గుర్తులు పెట్టుకో.”

వంటింట్లోంచి అత్త అంజనమ్మ పరుగున వచ్చింది. “ఏమే నీ పొగరు! పెళ్ళిచీర ఎవురన్నా ఊడదీస్తారా? అరిష్టం!”

“నీ కొడుకు నాకోసం గీసిన అంచత్తా ఇది. పోతే పోనీలే అని ఊరుకోను.” సువర్ణ నవ్వుతూనే పైటకొంగు దగ్గర సూది గుచ్చింది.

అంజనమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. కోడలి మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత చీర ఇంకో కొస వెతికి పట్టుకుని పక్కనే చతికిలబడింది.

“ఆడ కాదులే, పిచ్చిదానా! నడుంలో దోపే కొస ఊడదియ్యి. ఎవురికీ కనపడదు.”