కొండ మీద ఎక్కడ దిగాలి

"పైన దిగుతరా, కింద దిగుతరా? అది చెప్పు సంగయ్యన్నా," అన్నాడు ఖదీర్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

పటాన్‌చెరు బస్టాండు ఎదురుగా టికెట్లు తీసిపెట్టే చిన్న కొట్టు అతనిది. సిక్కింలో ఓ కొండ కొమ్మున ఉన్న బౌద్ధ గుడికి పోవాలని మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చి కూర్చున్నారు. రైలు టికెట్లు సులువుగానే దొరికాయి. పేచీ అంతా బస దగ్గరే వచ్చింది.

"కిందనే. బజార్ల ఏదన్న లాడ్జి చూడు," అన్నాడు సంగయ్య.

"కింద దిగితే పొద్దుగాల జీపు పట్టుకొని పైకి పోవాలె. వానొస్తే రోడ్డు బంద్. పైన గుడోళ్లదే గెస్ట్‌హౌస్ ఉంది. రూము చిన్నదైనా సాఫ్‌గ ఉంటదంట."

"పైన వద్దు."

మణెమ్మకు ఒళ్లు మండింది.

"లాడ్జి ఎందుకు, గెస్ట్‌హౌస్ ఎందుకు? గుడికి ఆనుకొనే పేమా వాళ్లిల్లు. ఇంటికే రమ్మని వాళ్ల నాయిన రోజూ ఫోన్ చేస్తుండు. ఏడుపాయల జాతరకు పోతే బండ మీద తువాల పరుసుకొని పండేటోనివి. ఇయ్యాల నీకు లాడ్జి గావాల్నా?"

ఖదీర్ నవ్వాడు. సంగయ్య నవ్వలేదు.

పేమా బీరంగూడలో వాళ్ల మేడ మీద గదిలోకి కిరాయికి వచ్చిన పిల్లాడు. సంగయ్య పనిచేసే ఫ్యాక్టరీలోనే, బాయిలర్ దగ్గరే పని. కిరాయికుండే వాడు వాడే, కొడుకైపోయినవాడూ వాడే. పిల్లల్లేని మణెమ్మ చేత జొన్నరొట్టెలు చేయించుకుని, పచ్చిపులుసు గ్లాసులో పోసుకుని తాగేవాడు. డ్యూటీకి పోయే ముందు మెట్ల మీద కూర్చుని తల్లికి ఫోన్ చేసి, ఆ రోజు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. వాళ్ల భాష మణెమ్మకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా వింటూ కూర్చునేది.

ఒక రాత్రి బాయిలర్ పేలింది. ఆ వేళకు మొగుడూ పెళ్లాలిద్దరూ సదాశివపేటలో ఆమె తల్లిగారింట బోనాలకు ఉన్నారు. కబురు అక్కడికే వచ్చింది. ఫ్యాక్టరీవాళ్లు పేమా ముఖం కూడా చూపించకుండా పెట్టెలో పెట్టి పంపేశారు.

అప్పటి నుంచి సంగయ్య మేడ మెట్లు ఎక్కలేదు. పేమా తండ్రి నోర్బు ఫోన్ చేస్తే ఎత్తడు. పాపం, ఆయన మణెమ్మకు చేయడం మొదలుపెట్టాడు. కన్నవాళ్లే మాట్లాడుతుంటే ఈయనకేం వచ్చిందని ఆమెకు కోపం. ఏడవాలనుకున్నప్పుడు పక్కన తోడు లేకుండా చేశాడని అంతకన్నా కోపం.

వాళ్ల నమ్మకంలో చనిపోయినవాడు ఏడు వారాలు దారి వెతుక్కుంటాడట. ఆఖరి రోజు కొండ మీది గుడిలో దీపాలు పెట్టి సాగనంపుతారు. బిడ్డకు అన్నం పెట్టిన చేతులతో ఒక దీపం పెట్టించాలని పేమా తల్లి కోరిక. సంగయ్య ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే మణెమ్మ మూడు పూటలు అన్నం మానేశాక.

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. నోర్బుదే. మణెమ్మ స్పీకర్ పెట్టి ఫోన్‌ను బల్ల మీద మొగుడి ముందుకు నెట్టింది.

"మాట్లాడు. లాడ్జిల దిగుతమని నీ నోటితోనే చెప్పు."

తప్పలేదు. ఇద్దరిదీ వచ్చీ రాని హిందీ.

"టికెట్లు అయినయి అన్నా. బజార్ల రూము తీసుకుంటున్నం," అన్నాడు సంగయ్య.

"అదేంటి? ఇల్లుండగా బజారెందుకు?"

"మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులు. పైన చలికి తట్టుకోలేదు."

"నా మోకాళ్లకేమైంది, ఇనుప గుండ్లలెక్క ఉన్నయి!" అంది మణెమ్మ, అవతలికి వినిపించేలా.

"పొయ్యి పక్కనే పడక వేస్తాం," అన్నాడు నోర్బు.

"నేను గురక పెడ్త. మీకెవ్వరికీ నిద్ర ఉండది."

"మాకిప్పుడు నిద్రెక్కడిది తమ్ముడూ?" అన్నాడు నోర్బు మెల్లగా. "వాడి గదే మీకు ఇస్తున్నాం. వాళ్లమ్మ రోజూ ఆ పరుపు ఎండలో వేస్తోంది."

"ఆ గది వద్దు!"

సంగయ్య అరుపుకు ఖదీర్ ఉలిక్కిపడి తలెత్తాడు. మణెమ్మకు తల కొట్టేసినట్టయింది. ఫోన్ లాక్కుంది.

"ఏమనుకోకు అన్నా. వాడు పోయినకాంచి ఈయన మనిషిలెక్క లేడు. మేం మీ ఇంటికే వస్తం."

"నువ్వు పో," అన్నాడు సంగయ్య. "నేను గుడి బయట ఎక్కడన్న పడుకుంట. దీపం పెట్టి దిగిపోత. వాళ్లింట్ల నాకు ముద్ద దిగది మణెమ్మా."

"మన ఇంట్ల వాడు తిన్నడు. వాళ్లింట్ల మనం తింటే ఏం పోతది?" ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. "వాడు లేని ఇల్లు చూడలేనంటవు, అంతేగదా? నాకు మాత్రం అలవాటా?"

అతను తువాలతో ముఖం కప్పుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు ఏడవడం మణెమ్మ చూడలేదు. కోపమంతా దిగిపోయి అతని వీపు మీద చెయ్యి వేసింది.

తెలుగు మాటలు అర్థం కాకపోయినా ఏడుపు అవతలికి వినిపించినట్టుంది. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. ఈసారి ఆడగొంతు. పేమా తల్లికి హిందీ అంతంత మాత్రం. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఇప్పుడు ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"మా ఇంట్లోనే దిగు తమ్ముడూ. నేను వండింది తినే వెళ్లాలి."

సంగయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమెకు అది కనిపించదు. అయినా కనిపించినట్టే ఆగి, మళ్లీ అంది.

"ఆ రాత్రి డ్యూటీ నీదని మాకు మొదటి నుంచీ తెలుసు."