ఒళ్లు చేసిన బిడ్డ

...అయినా, వేలితో నొక్కితే పడిన గుంట ఇంతసేపు పూడకుండా ఉంటుందా? మంజులత ఒళ్లో ఉన్న కొడుకు బిట్టు పాదం మీద మళ్లీ నొక్కింది. తడి పిండిలా చర్మం లోపలికి దిగి అక్కడే ఆగిపోయింది.

బాన్సువాడ పిల్లల దవాఖాన వరండాలో అందరూ బిట్టును చూసి మురిసిపోతున్నారు. కోటగిరి నుంచి వచ్చినామె ఏం పెడుతున్నారని అడిగింది. బర్రెపాలేనని చెప్పి, అత్త సావిత్రమ్మ మనవడి బుగ్గల మీద కొంగు కప్పింది. ఆ బుగ్గలను మంజులత చూడలేకపోతోంది. ఉబ్బిన ఆ రెప్పల వెనక నుంచి ఇంకెవరో చూస్తున్నారు. ఎందుకు ఊరుకున్నావని అడుగుతున్నారు. ఆ మాట ఎప్పుడు ఎత్తబోయినా, పోయినదాని పేరు తీస్తే చాలు మళ్లీ వచ్చి గడపలో కూర్చుంటుందని అత్త నోరు నొక్కేసేది.

లోపల డాక్టరమ్మ పరీక్షల కాగితాలు చూసి, బిడ్డ కాలి మీద వేలు పెట్టింది.

"ఇది ఒళ్లు చేసుడు కాదమ్మా, నీరు. నెత్తుట్ల ఉండాల్సిన ప్రోటీన్ పేగులల్లకెళ్లి కారి, దొడ్డికి పోతున్నది."

"బతుకుతడా మేడం?" సావిత్రమ్మ బల్ల మీదికి వంగింది.

కారణం సరిగ్గా తెలిస్తే బతికించుకోవచ్చంది డాక్టరమ్మ. బర్రెపాలు పడక వచ్చిందైతే అవి మానిపిస్తే చాలు. పుట్టుకతోనే పేగుల్లో లోపముంటే మాత్రం ఇప్పుడే హైదరాబాద్ తీసుకుపోవాలి, ఆగితే చేయి దాటిపోతుంది.

"ఇంట్ల ఇంకే పిల్లలకన్న గిట్లయిందా? ఇది మొదటి కాన్పేనా?"

"మొదటిదే," అంది సావిత్రమ్మ. ఆమె వేళ్లు బల్ల కింద కోడలి మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి.

అయితే పాలే అయ్యుంటాయి, మానిపించి వారం చూద్దామని డాక్టరమ్మ మందులు రాయసాగింది. సావిత్రమ్మ గట్టిగా ఊపిరి వదిలి, ఇగ లే బిడ్డా అంది.

మంజులత లేవలేదు. అత్త వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుంది.

"వీనికన్న ముందు నాకు పల్లవని ఇంకో బిడ్డ ఉండె మేడం. నా పాలు తప్ప ఇంకేం తాగలే. గిట్లనే ఉబ్బి, పానం పోయింది."