ముప్పై నాలుగు సైజు

"ముప్పై," అంది ఈశ్వరమ్మ.

ఈశ్వరమ్మ కొట్లో తెర బయట దామోదర్ మొహం వాడిపోయింది. పెళ్లాం బాడీ సైజు బజారంతా వినేట్టు అడిగే మొగుణ్ణి కోదాడలో అంతకు ముందెవరూ చూడలేదు.

"పోయిన దసరాకు ముప్పై నాలుగుండెనక్కా! సరిగ్గ సూడు!"

"నువ్వెళ్లి సోడా కొట్టు దగ్గర కూర్చో నాయనా. నీకు కొలిచేదేం లేదిక్కడ."

తెర లోపల సరోజ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గితే కూర్చోవాల్సొచ్చింది.

దామోదర్ మేళ్లచెరువులో సిమెంటు లారీ డ్రైవరు. హైదరాబాదు దవాఖానలో పెద్ద డాక్టరు సరోజకు మందులు రాసిచ్చి, "ఒళ్లు పడితే మందు పనిచేస్తున్నట్టు. పడకపోతే ఇక దవాఖానల చుట్టూ తిప్పకు," అన్నాడు. దామోదర్ ఆమెను సూర్యాపేట బస్టాండులో బరువు మిషను ఎక్కించాడు. నలభై కిలోలు. నెల తిరిగాక ముప్పై ఎనిమిది. "దాని బల్బులే సరిగ్గ ఎలగయి, గది నిజం సెప్తదా?" అని మిషన్ని తిట్టి వచ్చేశాడు. అప్పట్నుంచి అతను నమ్మింది ఒక్కటే. ముప్పై నాలుగు. ఆ సైజుకు మళ్లీ వస్తే సరోజ బతికినట్టే.

సూర్యాపేటలో, మిర్యాలగూడలో బాడీలమ్మే కొట్టువాళ్లు మగవాళ్లు. కళ్లతోనే అంచనా కట్టి డబ్బా చేతిలో పెట్టారు. తొడుక్కుంటే ఖాళీ సంచిలా వేలాడింది. తెర కట్టి, టేపు పెట్టి కొలిచేది కోదాడలో ఈశ్వరమ్మ ఒక్కతే.

"మొయ్యాల్సింది భుజం పట్టీ కాదమ్మా, కింది పట్టీ. ఎద కింద బిగించి కొలవాలి. నీకు ఇరవై ఆరు. నాలుగు కలిపితే ముప్పై, అదీ సైజు. ఎద నిండుగా ఉన్న చోట ఇంకెంత ఎక్కువొస్తే దాన్నిబట్టి కప్పు. సగం మంది ఆడోళ్లు తప్పు సైజు తొడుక్కుని, వీపు నొప్పని మొగుణ్ణి తిడతారు."

"మొగుడే తప్పు సైజైతే ఏం జెయ్యాలక్కా?"

"వాడిన సరుకు వాపసు తీసుకోరమ్మా."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వెళ్లేముందు సరోజ గొంతు తగ్గించింది.

"వచ్చే నెల నంబరు జర గట్టిగ సెప్పక్కా. ఆయనకు ఇనబడాలె."

వచ్చే నెల ఈశ్వరమ్మ ముందు చేత్తో తడిమి చూసింది. "టేపు బయట మర్చిపోయా," అని తెర దాటి కుట్టు మిషను దగ్గరికి వెళ్లింది. కత్తెర చప్పుడైంది. తిరిగొచ్చి, టేపు కొస పిడికిట్లో మూసి పట్టుకుని కొలిచింది.

"నువ్వే చూడు. ఇరవై ఏడు."

సరోజ టేపును చూసింది. ఈశ్వరమ్మను చూసింది.

"పెరిగిన్నా అక్కా?"

"మరి? తింటున్నావు గదా."

ఈశ్వరమ్మ కొత్త బాడీ ఒకటి తీసింది. "సైజు చీటీ ఊడేట్టుంది, ఒక్క కుట్టేసి ఇస్తా," అని మిషను ముందు కూర్చుంది. అది సరోజకు అద్దినట్టు సరిపోయింది. బయటికొస్తుంటే సరోజ చీర పిన్నీసు మిషను కింద పడింది. వంగి వెతుక్కుంది.

ఆ పై నెలా పడింది. ఆ తర్వాతి నెలా పడింది.

"నీ పిన్నీసుకు నా మిషను కాళ్లంటే ఎంత ప్రేమే!" అంది ఈశ్వరమ్మ.

"నీ కాళ్లు మొక్కుతుందక్కా, మంచి సైజియ్యమని."

అటు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర దామోదర్ కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు.

"ముప్పై రెండుకొచ్చింది!"

"ఏందిరా, లోడా?"

"మా ఆమె!"

డ్రైవర్లు బీడీలు కింద పడేసుకుని నవ్వేవారు. వాళ్లకంటే గట్టిగా దామోదర్ నవ్వేవాడు. ఆ నెలల్లో మేళ్లచెరువు నుంచి కోదాడ దాకా హారన్ కొట్టుకుంటూనే వచ్చాడు.

అయిదో నెలలో సరోజను లారీ క్యాబిన్‌లోంచి ఒంటి చేత్తో దించాడు. ఆమె తెర దాకా గోడ పట్టుకుని నడిచింది. ఈశ్వరమ్మ చేత్తో తడిమింది. ఈసారి చాలాసేపు తడిమింది. బయటికి వెళ్లింది. కత్తెర చప్పుడైంది. ముక్కు చీదుకున్న చప్పుడూ అయింది.

"జలుబా అక్కా?"

"ధూళి," అంది ఈశ్వరమ్మ టేపు చుడుతూ. తర్వాత సోడా కొట్టు దాకా వినబడేట్టు అరిచింది. "ముప్పై! నాలుగు కలిపితే ముప్పై నాలుగు!"

దామోదర్ బజారులో ఉన్న వాళ్లందరికీ సోడాలు కొట్టించాడు. ఒకటి ఈశ్వరమ్మకూ పంపాడు. ఆమె తాగలేదు. పిన్నీసు కోసం మిషను కిందికి వంగిన సరోజను రెండు చేతులా లేపి నిలబెట్టింది.

పంతొమ్మిది రోజులకు సరోజ పోయింది.

దినాలయ్యాక దామోదర్ వచ్చాడు. హారన్ కొట్టలేదు. తెర వంక చూసి, తల తిప్పుకున్నాడు.

"ముప్పై నాలుగుకొచ్చినంక పోయిందక్కా. మందు మంచిగనే పనిచేసింది. నడుమల గా జొరమొచ్చి ఆగం జేసింది."

ఈశ్వరమ్మ బల్ల మీది టేపును సొరుగులోకి నెట్టింది.

అతను జేబులోంచి గుడ్డ పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "పోయే ముందురోజు ఇచ్చింది. అక్కకే ఇయ్యి, నువ్వు మాత్రం ఇప్పకు అన్నది. నేను ఇప్పలే."

లారీ మలుపు తిరిగేదాకా ఈశ్వరమ్మ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత తెర లోపలికి వెళ్లి ముడి విప్పింది.

ఎప్పుడూ జారిపడే ఆ పిన్నీసుకే, ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న టేపు ముక్కలు నాలుగు, వరసగా గుచ్చి ఉన్నాయి.