ఒట్టేసి చెప్పలేను

సాక్షి బోనెక్కిన బావ గొంతు సవరించుకున్నాడు. ఎదురు బోనులో అతని బామ్మర్ది, వడ్రంగి, నిలబడ్డాడు. తను ఇంటికి పోవాలో, జైలుకు పోవాలో బావ మాట మీదే తేలాలి.

వడ్రంగి షెడ్డు పక్కనున్న పరుపుల దుకాణం పట్టపగలు తగలబడింది. పరుపులతో పాటు పరుపులాయన నిద్రా పోయింది. బూడిదలో దొరికింది మాత్రం ఆ షెడ్డులోని వార్నిష్ డబ్బా. మధ్య గోడ విషయంలో పరుపులాయనకు వడ్రంగితోనూ, షెడ్డులో కలిసి పనిచేసే అక్క మొగుడు ఈ బావతోనూ ఏనాటి నుంచో తగాదా. షెడ్డు యజమాని వడ్రంగి కాబట్టి అనుమానం అతని మెడకే చుట్టుకుంది.

"సందులోంచి పరిగెత్తిన మనిషి మా బామ్మర్దిలాగే ఉన్నాడండీ. వీపే చూశాను. వాడేననుకుంటున్నాను. ఒట్టేసి మాత్రం చెప్పలేను," అన్నాడు బావ.

"నువ్వెవరినైనా చూశావా?" జడ్జిగారు వడ్రంగిని అడిగారు.

"లేదండీ."

అంతే. చెక్కను చిత్రిక పట్టే మనిషికి మాటను చిత్రిక పట్టడం రాలేదు.

అనుమానం ఎంత లావుదైనా రుజువు కాదని జడ్జిగారు కొట్టేశారు. వడ్రంగిని కాదు, కేసును.

మెట్ల మీదే వడ్రంగి బావను వాటేసుకున్నాడు. "బయటపడ్డాం బావా!"

వకీలు మొహంలో మాత్రం నవ్వు లేదు. "సంబరం ఆపవయ్యా. పరుపులాయన నష్టపరిహారం కోసం సివిల్ కోర్టుకెక్కాడు. ఇక్కడ సందేహం నీ చుట్టం. అక్కడ ఆయన చుట్టం. ఇక్కడ రవ్వంత అనుమానం మిగిలినా వదిలేస్తారు. అక్కడ త్రాసు రవ్వంత ఆయన వైపు మొగ్గితే చాలు, ముంచేస్తారు. మీ బావ అక్కడ నువ్వు కాదని గట్టిగా చెబితేనే నీకు షెడ్డు దక్కేది."

"నేనున్నాను కదరా!" బావ భుజం తట్టాడు.

సివిల్ కోర్టులో అదే బావ, అదే చొక్కా, అదే దగ్గు.

"వాడేననుకుంటున్నాను. ఒట్టేసి మాత్రం చెప్పలేను."

ఇక్కడి జడ్జిగారికి ఒట్టుతో పని లేకపోయింది. డబ్బా ఇతనిది, తగాదా ఇతనిది, ఇంకెవరైనా చేశారని ఎవరూ అనలేదు. ఇతనే చేసి ఉంటాడనే వైపే మొగ్గు ఎక్కువ, అన్నారు. పేరుకు సివిల్ కోర్టే గానీ, దెబ్బ మాత్రం చాలా మోటుగా తగిలింది. రంపాలు, ఉలులు, నాన్న చేత్తో చేసిన పని బల్ల, మొత్తం షెడ్డుకు తాళం పడింది.

ఆ తాళం ముందే వడ్రంగి బావ కాలరు పట్టుకున్నాడు. "ఒక్క మాట! నా కోసం ఒక్క మాట మార్చలేకపోయావా?"

"అక్కడ చెప్పిందే ఇక్కడా చెప్పాను. మారింది కోర్టురా, నేను కాదు. నువ్వు కాదంటే, మరెవరని అడగరూ?"

అక్క మధ్యలో దూరింది. "వదలరా! నీకు జైలు తప్పించిన మనిషి మీదే చెయ్యా? నా మీద ఒట్టేసి చెప్పు, నిప్పు నువ్వే పెట్టావు కదూ?"

వడ్రంగి అక్క మొహంలోకి చూశాడు. వేళ్లు ఒక్కొక్కటే కాలరు మీంచి జారాయి.

"నేనేనక్కా," అన్నాడు.

దుకాణం తగలబడిన ఆ మధ్యాహ్నం షెడ్డు కిటికీలోంచి అతను, వార్నిష్ డబ్బాతో గోడ దూకుతున్న బావను కళ్లారా చూశాడు.