మంచం సీనులో పిల్లి

అయ్యా,

మీ పాత కుటుంబ చిత్రంలో తప్పులన్నీ తీసేసి మళ్లీ విడుదల చేస్తున్నారని, ఆ తప్పుల్లో మొదటిది పిల్లేనని పేపర్లో చదివాను. అందుకే ఈ కార్డు ఇవాళే రాస్తున్నాను.

షూటింగ్ జరిగింది దర్శిలో మా ఇంట్లోనే. నాలుగుసార్లు కనిపించే ఆ పిల్లి మాది. తల్లి చనిపోయే సీనులో అది మంచమెక్కి ఆవులిస్తుంది. తలుపు చాటు నుంచి ఒక గాజుల చెయ్యి వచ్చి దాన్ని లాగేస్తుంది.

టీవీలో ఆ సినిమా వేసినప్పుడల్లా నాన్న మిరపకల్లం నుంచి ఫోన్ చేస్తాడు.

"ఏమ్మా నజ్మీన్, పిల్లి వచ్చిందా?"

"ఇంకా లేదు నాన్నా. హీరో ఇల్లొదిలి పోతున్నాడు."

"పోనీయవే, వాడితో మనకేం పని? మంచం సీనుకి ముందు చెప్పు, బండేసుకుని వచ్చేస్తా."

ఆ సినిమా కథేమిటో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

పిల్లిని తీసేయండి. చెయ్యి మాత్రం ఉంచండి, ఉత్త గాలిని లాగినా ఫర్వాలేదు. మా నానమ్మ పరాయి మగవాళ్ల ముందుకు వచ్చేది కాదు, ఫొటో దిగలేదు. నాన్నకు రెండేళ్లప్పుడు పోయింది. వాళ్లమ్మను ఆయన చూసింది ఆ చెయ్యి వరకే.

మార్చి పదో తేదీలోగా జవాబు రాయగలరు.

నజ్మీన్